నలభై ఏడేళ్ల తండ్రి

ఆ ఆదివారానికి అచ్యుతరామయ్య వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. పొద్దున్నే పూర్ణా మార్కెట్‌కి వెళ్లి ఒక వంజరం తేవడం, దాని పులుసుతో భోంచేయడం, ఒక కునుకు తీయడం, సాయంత్రం అయిదు గంటలకు పోర్టు క్వార్టర్స్ గ్రంథాలయం హాల్లో పునర్జన్మ లేదని నిరూపించడం. ఈ నాలుగింటిలో వంజరం ఒక్కటే కాస్త కష్టమని అతను అనుకున్నాడు. ఎనిమిది దాటితే మంచి చేప దొరకదు.

అచ్యుతరామయ్యది రాజోలు దగ్గర పల్లెటూరు. పోర్టులో డ్రెడ్జర్ మీద సూపర్‌వైజరుగా చేరి విశాఖపట్నంలో ఇరవై రెండేళ్లుగా ఉంటున్నాడు. ఓడలు వచ్చే దారిలో మేటవేసిన ఇసుక తోడడం అతని ఉద్యోగం. మనుషుల బుర్రల్లో మేటవేసిన మూఢనమ్మకాలు తోడడం అతని వ్యాపకం. అందుకోసం విజ్ఞాన మిత్రమండలి అని ఒకటి పెట్టాడు. సభ్యులు పదకొండు మంది. అందరూ ఒకే మాట మీద ఉంటే సభ చప్పగా ఉంటుందని, సంస్కృతం పంతులుగా చేసి రిటైరైన రమణమూర్తిగారిని ఎదుటి పక్షానికి శాశ్వతంగా నియమించుకున్నారు. ఆయన కూడా ఓడిపోవడం తన బాధ్యత అన్నట్టు ప్రతి సభకూ వచ్చేవారు.

"ఇంతకీ ఈ పునర్జన్మ లేదని తేలితే ఏం చేస్తారు?" అని సంచీ అందిస్తూ అడిగింది అతని భార్య కాంతం.

"చేసేదేముంది? లేదని తెలుస్తుంది."

"తెలిశాక?"

అచ్యుతరామయ్య ఆలోచించాడు. ఈ ప్రశ్న ఇంతవరకు మండలిలో ఎవరూ వేయలేదు.

"సర్లెండి, వచ్చేటప్పుడు కరివేపాకు తెండి," అంది కాంతం.

మార్కెట్లో చేపల వరసలో పోతమ్మ అనే ఆవిడ దగ్గర వంజరాలు నిగనిగలాడుతున్నాయి. యాభై ఎనిమిదేళ్ల మనిషి, ముక్కుకు రెండు వైపులా ముక్కుపుడకలు, గట్టి గొంతు. అచ్యుతరామయ్య చొక్కా చేతులు పైకి మడిచి, కూర్చుని, ఒక చేప మొప్ప ఎత్తి చూస్తున్నాడు. అతని కుడి ముంజేతి మీద నెలవంక ఆకారంలో పెద్ద మచ్చ ఉంది. పన్నెండేళ్ల కిందట ఇంజను గదిలో వేడి పైపు తగిలి కాలిన మచ్చ అది. చేయి చేప మీద ఉన్నా మనసు సాయంత్రం ఉపన్యాసం మీద ఉండడంతో దాని మొదటి వాక్యం పైకే వచ్చేసింది.

"పోయినవాడు తిరిగి వస్తాడా?"

పోతమ్మ చేతిలో కత్తి ఆగిపోయింది. ఆమె మచ్చ చూసింది. మొహం చూసింది. మళ్లీ మచ్చ చూసింది.

"నువ్వు... మా బాబువేనా?" అంది.

గోదావరి మనిషికి 'బాబు' అంటే చిన్నపిల్లవాడు, లేదా మర్యాదకి పిలిచే ఒక పిలుపు. ఈ తీరంలో చాలా ఇళ్లలో 'మా బాబు' అంటే కన్నతండ్రి. ఇరవై రెండేళ్లున్నా అచ్యుతరామయ్యకు ఈ తేడా పట్టలేదు. డ్రెడ్జర్ మీద అతన్ని అందరూ సార్ అంటారు. నెలకోసారి వచ్చే బేరాన్ని ఆవిడ గుర్తుపట్టిందని అతను సంతోషించాడు.

"అవునమ్మా, నేనే. బాగానే గుర్తుపట్టావు."

"ఇన్నాల్లూ ఎక్కడున్నావు?"

"ఎక్కడుంటాను? నీళ్లలోనే. తీరం మొహం చూసి చాలా కాలమైంది. నిన్ననే బయటపడ్డాను."

డ్రెడ్జర్ డ్యూటీ గురించి అతను చెప్పింది అక్షరాలా నిజం. కాని పోతమ్మ తండ్రి నలభై ఎనిమిదేళ్ల కిందట వేటకి వెళ్లి సముద్రంలోనే పోయాడు. ఆయన కుడి ముంజేతి మీద టేకు చేప ముల్లు చీరిన మచ్చ నెలవంకలాగే ఉండేది. పోతమ్మ కత్తి పడేసి అతని చెయ్యి రెండు చేతులతో పట్టుకుని శోకం మొదలుపెట్టింది. ఇటు వరసలోవాళ్లు, అటు వరసలోవాళ్లు మూగారు. పక్కనే బుట్టలు దించుతున్న కోటి అనే పాతికేళ్ల కుర్రాడు రెండు క్షణాలు నోరు తెరుచుకు చూసి, బుట్ట అక్కడే వదిలేసి పరిగెత్తాడు.

పోర్టు ఉద్యోగుల మీద జనానికి ఇంత అభిమానం ఉందని అచ్యుతరామయ్యకు అంతవరకు తెలియదు. అతని కళ్లు కూడా చెమర్చాయి. పోతమ్మ ఎంత చెప్పినా డబ్బు ముట్టలేదు. ఉన్నవాటిలో పెద్ద వంజరం అతని సంచీలో పెట్టింది. ఊరికే తీసుకోవడం ఇష్టంలేక, అతను జేబులోంచి సాయంత్రం సభ కరపత్రాలు తీసి ఆవిడకొకటి, చుట్టూ ఉన్నవాళ్లకి తలా ఒకటి ఇచ్చి, "అందరూ రండి," అని చెప్పి స్కూటరెక్కాడు. కరివేపాకు మరిచిపోయాడు.

కరపత్రం పోతమ్మకు చదవడం రాదు. ఆమె చిన్నకూతురు అనూరాధ ఇంటర్ దాకా చదివింది. ఆ పిల్ల చదివి వినిపించింది: "పునర్జన్మ సాధ్యమా? వక్త: అచ్యుతరామయ్య, పోర్టు క్వార్టర్స్, డి-14." వాళ్లుండే జాలారిపేటలో అందరికీ విషయం తేటతెల్లమైంది. మనిషి తిరిగి రావడమే కాదు, తిరిగి వచ్చానని చీటీలు అచ్చువేయించి, చిరునామా కూడా రాసి, తనవాళ్ల కోసం వెతుక్కుంటున్నాడు.

పదిన్నరకి డి-14 ముందు మూడు ఆటోలు ఆగాయి. కాంతం తలుపు తీసేసరికి అరవై రెండేళ్ల మనిషి ఒకాయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు. తెల్లటి మీసాలు, ఎండకి నల్లబడిన ఛాతీ, తలకి తువ్వాలు. పోతమ్మ అన్న దాలయ్య అతను. ఆయన కాంతాన్ని ఎగాదిగా చూసి, వంగి కాళ్లకి దండం పెట్టాడు.

"బాబున్నాడా పిన్నీ?" అన్నాడు.

కాంతానికి నలభై రెండేళ్లు. మారుతల్లిని పిన్ని అంటారని ఆమెకు తెలుసు గాని, తనకంటే ఇరవై ఏళ్లు పెద్దవాడు అలా పిలుస్తాడని ఎప్పుడూ అనుకోలేదు. ఆమె లోపలికి వెళ్లి, ఉపన్యాసం దిద్దుకుంటున్న భర్తతో నెమ్మదిగా అంది. "ఏవండీ, మీ అబ్బాయి వచ్చాడు."

"మనకి అబ్బాయిలెక్కడే?"

"అదే నేనూ అడుగుదామని."

ముందుగదిలో పోతమ్మతో సహా పదిహేను మంది సర్దుకున్నాక అసలు సంగతి బయటపడింది. అచ్యుతరామయ్య సైన్సు మనిషి కాబట్టి ఒక్కొక్కటే విడదీసి చెప్పడం మొదలుపెట్టాడు.

"చూడు దాలయ్యా. ఈ మచ్చ నాకు పుట్టుకతో వచ్చింది కాదు. పైపు తగిలి కాలింది."

"నాను కాదన్నానేటి బాబూ? ఒల్లంతా ఇంత సోటుంటే సరిగ్గా అక్కడే ఎందుకు కాలినాది?"

అచ్యుతరామయ్య కాకతాళీయం అంటే ఏమిటో, లక్షమందిలో ఎంతమందికి ఒకేచోట మచ్చలుండే అవకాశం ఉందో పావుగంట వివరించాడు. దాలయ్య శ్రద్ధగా విని, చెల్లెలి వైపు కాకుండా గోడ వైపు చూస్తూ అన్నాడు. "మా బాబూ ఇంతే. మాటాడితే ఒక్క ముక్క అర్దమయ్యీది కాదు."

"మీ నాన్న పోయిందెప్పుడు?"

"నలబై తొమ్మిదిలో. కార్తీకంలో."

కాంతం గుమ్మంలో నిలబడి వేళ్లు మడిచింది. "మార్గశిరం, పుష్యం, మాఘం... మీరు పుట్టింది యాభైలో శ్రావణం కదండీ? సరిగ్గా తొమ్మిది నెలలు."

అచ్యుతరామయ్య భార్య వైపు చూసిన చూపుకి అర్థం ఆమెకు బాగా తెలుసు. అందుకే అటు చూడకుండా కాఫీ పెట్టడానికి వెళ్లిపోయింది. వెళ్తూ, "అబ్బాయికి పంచదార ఎక్కువ వెయ్యనా?" అని అడిగింది.

అప్పుడు దాలయ్య గొంతు సవరించుకుని అసలు మాటకి వచ్చాడు. పోతమ్మ పెద్దకూతురి పెళ్లిలో పందిరిరాట మేనమామగా అతను వెయ్యాలి. ఆవేళ అతని తెప్ప గాలికి చిక్కుకుని తిరిగి రావడం ఆలస్యమైంది. ముహూర్తం దాటిపోతోందని పోతమ్మ వేరే మనిషి చేత రాట వేయించింది. దాలయ్య తడిబట్టలతో వచ్చి, పాతేసిన రాట చూసి, అలాగే వెనక్కి వెళ్లిపోయాడు. అప్పటినుంచి తొమ్మిదేళ్లుగా అన్నాచెల్లెళ్లకు మాటల్లేవు. రెండిళ్లకూ మధ్య నాలుగు గుమ్మాలే దూరం. ఈలోగా దాలయ్య చిన్నకొడుకు కోటి, పోతమ్మ కూతురు అనూరాధ పెళ్లి చేసుకుంటామని పట్టుబట్టారు. పెద్దవాళ్లు ఒప్పుకోలేదు. ఒప్పుకోవాలంటే ముందు ఒకరితో ఒకరు మాట్లాడాలి.

"బాబు సెప్తే నాను వింటాను. దాన్ని వినమను," అన్నాడు దాలయ్య గోడతో.

"నానూ ఇంటాను బాబూ," అంది పోతమ్మ కిటికీతో.

"నేను మీ బాబుని కాను అని చెప్తుంటే..."

దాలయ్య తువ్వాలు దులిపి లేచాడు. "నువ్వు బాబు కాకపోతే నా సెల్లి పదిమందిలో నన్ను ఎర్రోణ్ని సేసినట్టే. ఇంక సచ్చినా దాని గడప తొక్కను. పదండి."

మూలనున్న అనూరాధ మొహం చూస్తే అచ్యుతరామయ్యకు తన కూతురు మధులత గుర్తొచ్చింది. ఆ పిల్ల హాస్టల్లో ఉండబట్టి సరిపోయింది గాని, ఇక్కడుంటే దాలయ్య అన్నయ్యకి దండం పెట్టి కూర్చునేది. కోటి అయితే బతిమాలడం కూడా దాటిపోయి, ఉత్తినే అతని వైపు చూస్తున్నాడు. అచ్యుతరామయ్య జీవితంలో అబద్ధమాడి ఎరగడు. అందుకని జాగ్రత్తగా, అబద్ధం తగలకుండా, "ఎవరు చెప్పినా మంచి మాట మంచి మాటే. ఇద్దరికీ పెళ్లి చేసెయ్యండి," అన్నాడు.

పదిహేను మందీ ఒక్కసారి లేచి కాళ్ల మీద పడ్డారు. వాళ్లంతా వెళ్లిపోయాక అతను నిట్టూర్చి వంజరం పులుసుతో భోంచేశాడు. కరివేపాకు లేకపోయినా బాగానే ఉంది. గండం గడిచిందనుకుని పడుకున్నాడు. పొద్దున తను పంచిన కరపత్రాల సంగతి అతనికి తట్టలేదు.

సాయంత్రం హాలు దగ్గర అతనికి ముందు చెప్పులు కనిపించాయి. మండలి సభకి మామూలుగా పదకొండు జతలుంటాయి. ఆవేళ మెట్ల మీద చోటులేక చెట్టు కిందదాకా ఉన్నాయి. లోపల జాలారిపేట సగం కూర్చుని ఉంది. ముందు వరసలో, మధ్యలో ఒక ఖాళీ కుర్చీ వదిలి, దాలయ్య, పోతమ్మ. తొమ్మిదేళ్లలో వాళ్లు అంత దగ్గరగా కూర్చోవడం అదే మొదటిసారని వెనకనుంచి ఎవరో చెప్పారు. ఖాళీ కుర్చీలో కాంతాన్ని కూర్చోబెట్టారు. ఆమె కాదనకుండా కూర్చుంది.

రమణమూర్తిగారు అంతమందిని చూసి పొంగిపోయారు. చేసిన కర్మ అనుభవించక తప్పదని, అది తీరడానికి ఒక్క జన్మ చాలదని, అందుకే ఆత్మ ఇల్లు మారినట్టు దేహాలు మారుతుందని, మన మతంలోనే కాక బౌద్ధులు, జైనులు కూడా ఏదో ఒక రీతిలో ఈ మాట ఒప్పుకున్నారని గంభీరంగా చెప్పారు. జనం చప్పట్లు కొట్టారు. ఆయన ఉపన్యాసానికి చప్పట్లు రావడం కూడా అదే మొదటిసారి.

అచ్యుతరామయ్య లేచి కాగితాలు తీశాడు. మొదటి వాక్యం చదివాడు. "పోయినవాడు తిరిగి వస్తాడా?"

"వొచ్చినాడు బాబూ," అని హాలంతా ఒక్క గొంతుతో చెప్పింది.

రెండో వాక్యం, రాడు అని ఉంది. జ్ఞాపకాలుండేది మెదడులోనని, మెదడు పోయాక అవి మరో మెదడులోకి వెళ్లే దారి ఏదీ ఇంతవరకు కనబడలేదని, గతజన్మ గుర్తుందని చెప్పేవాళ్లను ఆరాతీస్తే ఇంట్లోవాళ్ల మాటలే వాళ్ల నోట పలుకుతున్నాయని మూడు పేజీలు రాసుకున్నాడు. కాగితం మీదుగా ముందు వరస చూశాడు. దాలయ్య, కాంతం భుజం మీదుగా, చెల్లెలికి తన తువ్వాలు అందిస్తున్నాడు. ఆమె ఏడుస్తోంది. ఆ తువ్వాలు ఇంకా ఇద్దరి చేతుల్లోనూ ఉంది.

అచ్యుతరామయ్య కాగితాలు మడిచాడు.

"అయితే సైన్సుకి ఇంకా తెలియనివి చాలా ఉన్నాయి. నిరూపణ దొరకలేదంటే లేనట్టు కాదు. వెతుకుతున్నాం, అంతే," అన్నాడు.

మండలి సభ్యులు పదిమంది ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. దాలయ్య లేచి, ఈయనే తన బాబు అని, ముప్పొద్దులా ఈయన మాటే తనకు వేదమని సభకి మనవి చేసుకున్నాడు. రమణమూర్తిగారి మొహం మెల్లగా మారింది. ముప్పై ఏళ్లుగా పునర్జన్మకి ఒక్క సాక్ష్యం కోసం ఆయన ఎదురుచూస్తున్నారు. వచ్చిన ఆ ఒక్కటీ అచ్యుతరామయ్య రూపంలో వచ్చింది.

"ఆగండి. దేనికైనా రుజువుండాలి," అన్నారు ఆయన లేచి. "మచ్చ కాలినదంటున్నారు. అలాంటి మచ్చ ఎవరికైనా ఉండొచ్చు. ఇది కాకతాళీయం."

"ఆత్మ విషయంలో మచ్చలు లెక్కేమిటండీ?" అన్నాడు అచ్యుతరామయ్య.

"శాస్త్రీయంగా పరీక్షించకుండా ఎలా నమ్ముతాం?"

"కొన్ని విషయాలు పరీక్షకి అందవు, రమణమూర్తిగారూ."

ఇద్దరూ ఒక్కక్షణం ఆగారు. ఎవరి ఉపన్యాసం ఎవరు చెబుతున్నారో ఇద్దరికీ అర్థమైంది గాని, అంతమంది ముందు మార్చుకోవడానికి వీల్లేకపోయింది. రమణమూర్తిగారు దాలయ్య వైపు తిరిగి, తండ్రికి మాత్రమే తెలిసిన సంగతి ఏదైనా ఒకటి అడగమన్నారు.

దాలయ్య అచ్యుతరామయ్య కళ్లలోకి చూస్తూ అడిగాడు. "బాబూ, సిన్నప్పుడు నువ్వు నన్ను ఏటని పిలిసీవోడివి?"

అచ్యుతరామయ్య పక్కకి చూశాడు. కోటి, అనూరాధ గోడకి ఆనుకుని నిలబడి ఉన్నారు. ఏదో ఒక పేరు చెప్పి చూద్దామా అని కూడా అతనికి ఒకసారి అనిపించింది. చిన్నోడా, పెద్దోడా, బంగారూ. కాని నలభై ఏడేళ్ల అలవాటు నోటిని కదలనివ్వలేదు.

"నాకు గుర్తులేదు దాలయ్యా," అన్నాడు తల వంచుకుని.

దాలయ్య రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు.

"ఈయనే," అన్నాడు. "మా బాబుకి నా పేరు ఒక్కనాడూ గురుతుండీది కాదు."

ఆ పైన రమణమూర్తిగారు చెప్పినదేదీ ఎవరికీ వినబడలేదు. ఆ రోజునుంచి ఆయన పునర్జన్మ ప్రస్తావన ఎవరైనా తెస్తే రుజువులడగడం మొదలుపెట్టారు.

ఫాల్గుణంలో పెళ్లి. పందిరిరాట దాలయ్య వేశాడు. పొద్దున వేయాల్సిన దానికి రాత్రినుంచే గుంట పక్కన కూర్చున్నాడట. అచ్యుతరామయ్యకు కొత్త పంచె కట్టి, తాతగారి పీట మీద కూర్చోబెట్టి, వధూవరుల చేత కాళ్లు కడిగించారు. పిన్ని హోదాలో కాంతం పది ఇళ్లవాళ్లకి ఆకులు, వక్కలు ఇచ్చి, ముగ్గురు ముసలి కోడళ్లకి కాపురం గురించి సలహాలు కూడా చెప్పింది.

భోజనాల తర్వాత పోతమ్మ అచ్యుతరామయ్యని పందిరి వెనక్కి పిలిచింది.

"నీతో అబద్దమెందుకు బాబూ. ఆవేల మార్కెట్లో ఏడిసినంతసేపూ నిజమే అనుకున్నాను. మచ్చ సూసినాను, నీల్లలోంచి వచ్చినానన్నావు, నా గుండె ఆగిపోనాది. ఏడుపు అయిపోనాక సూసుకుంటే నీ సెయ్యి మెత్తగున్నాది. వల లాగిన సెయ్యి కాదది. అప్పటికే కోటిగాడు మా అన్నకి సెప్పడానికి పరిగెట్టీసినాడు. నమ్మితే నమ్మనీ, అలాగైనా వస్తాడు కదాని ఊరుకున్నాను."

"అంటే నువ్వు పునర్జన్మ నమ్మవా?"

"సముద్రం తీసుకున్నోల్లంతా తిరిగొస్తే మా పేటలో జాగా సాలదు బాబూ. అన్నకి మాత్రం సెప్పకు. పాపం, నమ్మీసినాడు."

అచ్యుతరామయ్య ఆ మాట మనసులో తిప్పుకుంటూ తెప్పల వైపు నడిచాడు. అక్కడ దాలయ్య ఇసుకలో కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. పక్కకి జరిగి చోటిచ్చాడు.

"నీకో మాట సెప్తాను, మా సెల్లి సెవినెయ్యకు," అన్నాడు దాలయ్య. "అది నమ్మీసినాది. పాపం, దాని నమ్మకం దాన్నుంచుకోనీ."

"మరి నువ్వు?"

"నానా? నాను ముప్పయ్యేల్లు సముద్రంలోంచి శవాలు తీసినోణ్ని. పోయినోడు పోయినట్టే. తొమ్మిదేల్ల బట్టీ దాని గడప దాటడానికి ఒక సాకు సిక్కనేదు. నువ్వు సిక్కినావు."

"మీ నాన్నకి నీ పేరు గుర్తుండేది కాదన్నావు కదా?"

"అబద్దం. తెప్ప మీద మేమిద్దరమే ఉన్నప్పుడు మా బాబు నన్ను కెరటం అని పిలిసీవోడు. ఆ మాట ఎవులికీ సెప్పనేదు. నువ్వు తెలీదన్నావు సూడు, అప్పుడు నువ్వంటే గురి కుదిరినాది. ఇంకోడైతే ఏదో పేరు సెప్పీసి ఉండును."

పునర్జన్మ లేదనడానికి ఇంతకంటే గట్టి సాక్షులు ఏ సభలోనూ దొరకరు. కాని ఆ ఇద్దరిలో ఒకరి మాట ఒకరికి తెలియకుండా జీవితాంతం దాచాలి.

"అయితే నేను మీ బాబుని కానని నీకు మొదటినుంచీ తెలుసన్నమాట," అన్నాడు అచ్యుతరామయ్య.

"తెలకేటి? మా బాబు నీలాగుండడు," అన్నాడు దాలయ్య చుట్ట దులుపుతూ. "మా బాబు మంచి అందగాడు."

ఇంటికి వెళ్లేటప్పుడు స్కూటరు వెనక కూర్చున్న కాంతం, ఏమిటలా ఉన్నారని రెండుసార్లు అడిగింది. అచ్యుతరామయ్య ఏమీ లేదన్నాడు. పునర్జన్మ లేదని ఇరవై ఏళ్లుగా వాదిస్తున్న మనిషికి, తను ఎవరి పునర్జన్మా కాదని తేలేసరికి కొంచెం చిన్నతనంగా అనిపించింది.